పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రమా?

(ఎలమంచిలిలో జరిగిన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

చదువు గురించి, ఆరోగ్యం గురించి పెద్దలు మాట్లాడారు. మాకు అప్పగించిన విషయం వాటి పక్కన చిన్నదిగా కనబడుతుంది. ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు, కరెంటు ఉన్నట్టుండి ఎక్కువై వచ్చినప్పుడు ఇంట్లో సామాను కాలిపోకుండా కాపాడుకోవడం ఎలా అన్నది మా విషయం. మేము ఇళ్లకు వైరింగు చేసేవాళ్లం, కాలిపోయిన సామాను బాగుచేసేవాళ్లం. గాలివాన వెలిసిన మర్నాడు మా బల్ల మీద ఏమేం పోగుపడతాయో మాకు తెలుసు. టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, ఇంటర్నెట్ రౌటర్లు, ఫ్రిజ్జు బోర్డులు, ఇన్వర్టర్లు, ఎల్‌ఈడీ బల్బులు వరసగా వస్తాయి. పాతకాలపు బల్బు, ఫ్యాను కాస్త హెచ్చు కరెంటును ఓర్చుకునేవి. ఇప్పుడు ప్రతి వస్తువులోనూ చిన్న చిప్పులున్న బోర్డు ఉంటుంది. దానికి ఆ ఓర్పు లేదు.

టీవీ పోతే నాలుగు రోజులు ఓపిక పట్టొచ్చు. కానీ మోటారు కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టి ఇల్లు నడిపే చెల్లెలి సంగతి ఏమిటి? గ్రైండరులో పిండి రుబ్బి అమ్ముకునే తల్లి, చిన్న కొట్టులో ఫ్రిజ్జు పెట్టుకుని పాలు, కూల్‌డ్రింకులు అమ్ముకునే చాచా, రాత్రిళ్లు నెబ్యులైజరు పెట్టుకోవాల్సిన పెద్దాయన, ల్యాప్‌టాప్ మీద పరీక్షలకు చదువుకునే పిల్లవాడు – వీళ్లకు ఆ వస్తువు కాలిపోవడమంటే జీవనాధారం ఆగిపోవడమే. పైగా పిడుగు వల్ల, హై వోల్టేజి వల్ల పోయిన సామానుకు కంపెనీ వారంటీ సాధారణంగా వర్తించదు. అందుకే ఇది చిన్న విషయం కాదని మా మనవి.

మన రాష్ట్రంలో పిడుగులు ఎంత ఎక్కువో ఒక్క లెక్క చెబుతాం. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడ్డాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ అధికారులు ప్రకటించారు. ఎండాకాలం చివర ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే గాలివానలు, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే ఉరుముల వానలు మనకు ముఖ్యమైన కాలాలు. తుపాను కాలం కూడా అప్పుడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు, తీగలు ఎలా నేలకూలాయో, కరెంటు కోసం ఎన్ని రోజులు ఎదురుచూశామో ఇక్కడున్న పెద్దవాళ్లెవరూ మర్చిపోలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రమా అని మన సామెత. సామాను కాపాడుకునే విషయంలో మనవాళ్లు చేస్తున్న పొరపాటు సరిగ్గా ఇదే. స్టెబిలైజరు కొన్నాం కాబట్టి ఇక పిడుగు భయం లేదనుకుంటారు. స్పైక్ గార్డు అని రాసి ఉన్న బోర్డు తెచ్చాం కాబట్టి ఏ కరెంటు వచ్చినా ఫర్వాలేదనుకుంటారు. కరెంటు తీగలో వచ్చే జబ్బులు మూడు రకాలు. మూడింటికీ మందులు వేరు.

మొదటి జబ్బు పిడుగు పోటు. ఇంజనీర్లు దీన్ని సర్జ్ అంటారు. మనం సముద్రం దగ్గరివాళ్లం, పోటు అంటే మనకు తెలుసు. అలాంటి పోటే తీగలో వస్తుంది. పిడుగులో ప్రవహించే కరెంటు సాధారణంగా 30,000 ఆంపియర్ల వరకు ఉంటుంది. ఒక్కోసారి లక్ష కూడా దాటుతుంది. మన ఇంట్లో ఒక ప్లగ్గు పాయింటుకు వాడేది 5 లేక 15 ఆంపియర్లు. పిడుగు పిల్ల కాలువలోని గాలి సుమారు 30,000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. అది సూర్యుడి ఉపరితలం కంటే ఐదు రెట్లు ఎక్కువ వేడి. ఆ గాలి ఒక్కసారిగా వ్యాకోచించి పగిలే చప్పుడే ఉరుము.

పిడుగు మన డాబా మీదే పడనక్కర్లేదు. వీధి చివర కరెంటు స్తంభం మీద పడితే ఆ పోటు తీగ వెంట ఇంట్లోకి వస్తుంది. దగ్గర్లోని తాటిచెట్టు మీద పడినా, పక్కన సాగి ఉన్న తీగల్లో వేల వోల్టులు పుట్టుకొస్తాయి. కేబుల్ టీవీ వైరు, డాబా మీది డిష్ వైరు, బోరు మోటారు వైరు – ఇవన్నీ దానికి దారులే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర విద్యుత్ సంస్థ వాళ్లు పెట్టే లైట్నింగ్ అరెస్టర్లు పోటులో ఎక్కువ భాగాన్ని నేలలోకి దింపుతాయి. కానీ మిగిలి వచ్చే కొంచెం కూడా మన టీవీ బోర్డుకు చాలా ఎక్కువ.

ఈ పోటు సెకనులో లక్షల వంతుల్లో వచ్చి పోతుంది. స్టెబిలైజరులోని రిలే కదలడానికి సెకనులో వందో వంతు సమయం పడుతుంది. అంటే స్టెబిలైజరు కళ్లు తెరిచేలోపు దొంగ పని ముగించుకుని వెళ్లిపోతాడు. ఫ్యూజు, ఎంసీబీ కూడా అంతే. వాటి పని వైరు వేడెక్కి అంటుకోకుండా చూడటం.

పిడుగు పోటుకు మందు సర్జ్ ప్రొటెక్టర్. దాని లోపల వేరిస్టర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. మామూలు 230 వోల్టులు ఉన్నంతసేపు అది నోరు విప్పదు. వోల్టేజి హద్దు దాటగానే తలుపు తెరిచి, పోటును ఎర్తు తీగలోకి మళ్లిస్తుంది. పోటు తగ్గగానే మళ్లీ మూసుకుంటుంది. మెయిన్ బోర్డులో పెట్టేదాన్ని టైప్ 2 అంటారు. టీవీ దగ్గర ప్లగ్గులో పెట్టేది టైప్ 3. మెయిన్ బోర్డులో ఒకటి పెట్టి, ఖరీదైన సామాను దగ్గర మరొకటి పెట్టుకోవడం మంచి పద్ధతి. బోర్డులో పెట్టేదానికి వైరు వీలైనంత పొట్టిగా ఉండాలి. ఫేజు వైపూ ఎర్తు వైపూ కలిపి అర మీటరు దాటకూడదు. వైరు పొడుగైతే దాని ఫలితం తగ్గిపోతుంది. దాని మీద చిన్న కిటికీ ఉంటుంది. పచ్చగా ఉంటే పనిచేస్తున్నట్టు, ఎర్రగా మారితే అది మన కోసం ప్రాణం ఇచ్చినట్టు. వెంటనే కొత్తది పెట్టించాలి.

బజారులో స్పైక్ గార్డు పేరుతో అమ్మే చవక బోర్డులు చాలావాటిలో ఈ బిళ్లే ఉండదు. స్విచ్చి, ఎర్ర లైటు, నాలుగు పాయింట్లు మాత్రమే ఉంటాయి. డబ్బా మీద సర్జ్ ప్రొటెక్షన్ అని, ఎన్ని జౌళ్లు, ఎన్ని వోల్టులు అని స్పష్టంగా రాసి ఉంటేనే కొనండి.

రెండో జబ్బు న్యూట్రల్ తెగడం. మా బల్ల మీదికి ఒకేసారి ఒకే వీధి నుంచి పది టీవీలు వచ్చాయంటే కారణం చాలాసార్లు ఇదే. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు. గాలికి కొమ్మ విరిగిపడి న్యూట్రల్ తీగ తెగితే, లేదా జాయింటు తుప్పుపట్టి ఊడితే, వీధిలో కొన్ని ఇళ్లకు కరెంటు తగ్గిపోతుంది, కొన్ని ఇళ్లకు 300 దాటి 400 దాకా ఎగబాకుతుంది. ఇది పిడుగులా తృటిలో పోయేది కాదు. ఎవరో ఒకరు ఆపేదాకా అలాగే ఉంటుంది. ఇందాక చెప్పిన వేరిస్టర్ బిళ్ల దీన్ని తట్టుకోలేదు, అదే కాలిపోతుంది.

దీనికి మందు ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్. వోల్టేజి పెట్టిన హద్దు దాటితే ఇల్లంతటికీ కరెంటు ఆపేసి, మామూలు స్థితికి వచ్చి కాసేపు నిలకడగా ఉన్నాక మళ్లీ ఇస్తుంది. అది లేని ఇంట్లో గుర్తు పెట్టుకోవలసింది ఒక్కటే. బల్బులు ఉన్నట్టుండి కళ్లు జిగేలుమనేలా వెలిగినా, ఫ్యాను రివ్వున వేగం పెరిగినా ఆలోచించకండి. మొదట మెయిన్ ఆపండి. ఆ తర్వాత పక్కింటివాళ్లకు చెప్పండి, 1912కు ఫోను చేయండి. తెగిపడిన తీగ కనబడితే దాని దగ్గరికి వెళ్లకండి, పిల్లల్ని, పశువుల్ని వెళ్లనివ్వకండి.

మూడో జబ్బు రోజువారీ హెచ్చుతగ్గులు, కరెంటు పోయి వచ్చేటప్పటి కుదుపు. దీనికి స్టెబిలైజరు సరైన మందే. ముఖ్యంగా ఫ్రిజ్జుకు, ఏసీకి. కరెంటు వచ్చిన వెంటనే కంప్రెసరు తిరగకుండా మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి ఇచ్చే రకం తీసుకోండి. డబ్బు లేనివాళ్లకు మేం చెప్పేది, కరెంటు పోగానే ఫ్రిజ్జు, టీవీ ప్లగ్గులు పీకేయండి. ఒక బల్బు స్విచ్చి మాత్రం వేసి ఉంచండి. కరెంటు వచ్చాక ఆ బల్బు ఐదు పది నిమిషాలు నిలకడగా వెలిగితే అప్పుడు మిగతావి పెట్టుకోండి. తుపాను తర్వాత లైన్లు కొత్తగా కలిపే రోజుల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం.

మూడు జబ్బులు, మూడు మందులు చెప్పాం. ఇక అందరూ మర్చిపోయే మాట చెబుతాం. ఎర్తు లేని ఇంట్లో ఎంత ఖరీదైన సర్జ్ ప్రొటెక్టర్ పెట్టినా పూర్తి ఫలితం ఉండదు. పోటును మళ్లించాలంటే మళ్లించడానికి దారి ఉండాలి కదా. వరద నీటికి మదుం తెరిచినా కాలువ లేకపోతే నీళ్లు ఎక్కడికి పోతాయి? అన్నిటికంటే ముఖ్యం, ఎర్తు కాపాడేది సామానును మాత్రమే కాదు. గ్రైండరు ఒంటికి కరెంటు కొట్టినప్పుడు, తడి చేత్తో దాన్ని ముట్టుకున్న తల్లి ప్రాణం కాపాడేది కూడా ఎర్తే. దానికి తోడు మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే ఇంకా మంచిది.

మన పేటల్లో చాలా అద్దె ఇళ్లకు, పాత పెంకుటిళ్లకు ఎర్తు గొయ్యి లేదు. మూడు కన్నాల ప్లగ్గు పాయింటు ఉంటుంది, పై కన్నం వెనక తీగే ఉండదు. కొన్నిచోట్ల గొయ్యి ఉంటుంది, కానీ ఇరవై ఏళ్ల కిందట పాతిన జీఐ పైపు ఉప్పుగాలికి, ఉప్పునేలకు తుప్పుపట్టి, జాయింటు దగ్గర తీగ ఊడిపోయి ఉంటుంది. ఎండాకాలంలో గొయ్యి ఎండిపోతే ఉన్న ఎర్తు కూడా పనిచేయదు. సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో మొదటి పిడుగులు పడే వేళకు అది ఆ స్థితిలో ఉంటుంది.

ఎర్తు పెట్టించడం పెద్ద విద్య కాదు. దాదాపు రెండున్నర మీటర్ల జీఐ పైపును నిలువుగా పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, పైన నీళ్లు పోయడానికి గరాటు, మూత పెడతారు. అక్కడి నుంచి గట్టి తీగ బోల్టుతో బిగించి మెయిన్ బోర్డుకు తెస్తారు. పని అయ్యాక ఎర్త్ టెస్టరుతో కొలిపించండి. ఇంటికి 5 ఓములు దాటకుండా ఉంటే మంచిది. ఎండాకాలంలో వారానికి రెండు మూడు బిందెల నీళ్లు పోయండి. ఏడాదికోసారి జాయింటు విప్పి, శుభ్రం చేసి బిగించండి. ఒక్క ఇంటికి గొయ్యి ఖర్చు ఒక చిన్న ఫ్రిజ్జు ధరలో కొద్ది వంతే.

చేయకూడని పనులు కూడా చెప్పాలి. ఎర్తు లేదు కదా అని ప్లగ్గు పాయింటులో ఎర్తును, న్యూట్రల్‌ను కలిపి ముడివేస్తారు. ఇది ప్రాణాలు తీసే పని. న్యూట్రల్ తెగిన రోజున మీ ఫ్రిజ్జు తలుపు, వాషింగ్ మిషను ఒళ్లు మొత్తం కరెంటుతో నిండిపోతాయి. కొందరు కుళాయి పైపుకు కడతారు. ఇప్పుడు అన్నీ ప్లాస్టిక్ పైపులే, అది ఎర్తు కాదు. ఇనుప పైపు అయినా, కరెంటు కారితే ఆ వీధిలో కుళాయి తిప్పిన ప్రతివాళ్లకూ షాకు. ఇంకొందరు డిష్‌కు వేరే గొయ్యి, సోలారుకు వేరే గొయ్యి తీసి దేనికది వదిలేస్తారు. పిడుగు పడినప్పుడు ఆ రెండు గోతుల మధ్య వేల వోల్టుల తేడా వచ్చి, మధ్యలో ఉన్న సామాను కాలుతుంది. గోతులు ఎన్ని ఉన్నా అన్నింటినీ తీగతో ఒకటిగా కలపాలి. డాబా మీద సోలారు పలకలు పెట్టించుకునేవాళ్లు పలకల వైపు డీసీ సర్జ్ ప్రొటెక్టర్, ఇంటి వైపు ఏసీ సర్జ్ ప్రొటెక్టర్ రెండూ పెట్టారో లేదో అడిగి చూసుకోండి.

ఇన్ని చెప్పినా నేరుగా ఇంటి మీద పడే పిడుగును ప్లగ్గులో పెట్టే ఏ పెట్టే ఆపలేదు. అప్పుడు సామానుకు ఉన్న మంచి రక్షణ ఒక్కటే, ప్లగ్గు పీకి ఉంచడం. స్విచ్చి ఆపితే చాలదు. స్విచ్చిలో ఉండే సందు కొద్ది మిల్లీమీటర్లు. ఆకాశం నుంచి నేలదాకా దూకిన పిడుగుకు ఆ సందు ఒక లెక్కా? కరెంటు ప్లగ్గుతో పాటు కేబుల్ వైరు, డిష్ వైరు కూడా ఊడదీయాలి. ఇంటర్నెట్ ఫైబరులోని గాజు తీగ కరెంటును మోయదు, కానీ రౌటరు అడాప్టరు కరెంటులోనే ఉంటుంది. అదీ తీయాలి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిన్ ఆపినా ప్లగ్గుల్లో కరెంటు ఉంటుందని మరవకండి.

అయితే ఇవన్నీ ఉరుము దూరంగా వినబడుతున్నప్పుడే చేయాలి. నెత్తిమీద మెరుస్తున్నప్పుడు ప్లగ్గుల దగ్గరికి వెళ్లకూడదు. మెరుపు చూసి లెక్కపెట్టండి. ఉరుము వినబడటానికి మూడు సెకన్లు పడితే పిడుగు కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. 30 సెకన్లయితే పది కిలోమీటర్లు. 30 కంటే తక్కువకు వచ్చిందంటే ఇక సామాను సంగతి వదిలేసి మనుషులు ఇంట్లో ఉండటమే చూడాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. ఛార్జింగులో ఉన్న ఫోను చెవి దగ్గర పెట్టుకోకండి. ఛార్జరు తీసేసిన ఫోను వాడుకోవచ్చు, సెల్‌ఫోను పిడుగును పిలుస్తుందన్నది నిజం కాదు. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్‌లో చుట్టూ 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగుల హెచ్చరిక వస్తుంది. ఇంట్లో చదువుకునే పిల్లలకు ఈ పని అప్పగించండి.

మసీదుల గురించి ఒక మాట. మినారు చుట్టుపక్కల ఇళ్లకంటే ఎత్తు. దాని మీద ఇనుప హారన్లు, అక్కడి నుంచి నేరుగా ఆంప్లిఫయరుకు వైరు. పిడుగుకు అంతకంటే మంచి దారి దొరకదు. అందుకని ఉరుములు మొదలవకముందే హారన్ల వైరు, ఆంప్లిఫయరు ప్లగ్గు తీసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. మినారుకు పిడుగు వాహకం తప్పకుండా ఉండాలి. 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ గాలిపటంతో చేసిన ప్రయోగం గురించి మనం బడిలో చదువుకున్నాం. ఆయన చెప్పిన మొనదేలిన కడ్డీ ఇప్పటికీ అదే. కొన నుంచి నేలదాకా తీగ ఎక్కడా తెగకుండా, గట్టి వంపులు లేకుండా దిగాలి. దాని గొయ్యిని మసీదు కరెంటు ఎర్తుతో కలపాలి. ఇది లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేత చేయించాల్సిన పని. వాహకం కట్టడాన్ని, అందులోని మనుషుల్ని కాపాడుతుంది. మైకు సెట్టును కాపాడాలంటే మాత్రం సర్జ్ ప్రొటెక్టర్ వేరుగా పెట్టాల్సిందే. మాట మసీదుల గురించే అయినా గుడికైనా, చర్చికైనా, బడికైనా లెక్క ఇదే.

చివరగా సొసైటీ పెద్దలకు ఒక విన్నపం. మనం కుట్టుమిషన్లు, గ్రైండర్లు ఇస్తున్నాం. కాలిపోయాయని తిరిగి వచ్చినవాళ్లకు చేతనైనంత మళ్లీ సాయపడుతున్నాం. మంచిదే. కానీ ఎర్తు లేని ఇంట్లో కరెంటు మిషను పెడితే, అది కాలిపోయినా నష్టమే, షాకు కొడితే అంతకంటే పెద్ద నష్టం. కాబట్టి కరెంటు వస్తువు ఇచ్చే ప్రతి ఇంటికీ ముందుగా ఒక ఎలక్ట్రీషియన్ వెళ్లి ఎర్తు ఉందో లేదో చూడాలి. లేకపోతే వస్తువుతో పాటే ఎర్తు కూడా సాయంలో భాగం కావాలి. ఆనుకుని ఉన్న నాలుగైదు ఇళ్లుంటే మంచి గొయ్యి ఒకటి తీసి అందరికీ తీగలు ఇవ్వొచ్చు. అద్దె ఇంటి యజమానులు ఇక్కడ చాలామంది ఉన్నారు. అద్దెకు ఇచ్చే ఇంటికి తాళం ఎంత అవసరమో ఎర్తూ అంతే అవసరమని వాళ్లు గుర్తించాలి. ఈ ఖర్చు జకాత్ సొమ్ములోంచి పెట్టొచ్చా, సదఖాలోంచి పెట్టాలా అన్నది ఉలమాలు చెప్పాలి, మేము చెప్పేది కాదు. కూలి విషయంలో మాత్రం మేము మాట ఇస్తున్నాం. సొసైటీ చూపించిన పేద ఇళ్లకు పైపు, తీగ, బొగ్గు, ఉప్పు ఖర్చు సొసైటీది, పని మాది. వచ్చే మార్చి నెలాఖరు లోపు, అంటే మొదటి ఉరుము వినబడే ముందే, జాబితా ఇస్తే మొదలుపెడతాం.

ఒంటెను కట్టిన తర్వాతే అల్లాహ్ మీద భారం వేయాలని మనకు చిన్నప్పుడే నేర్పారు. మన ఇళ్లలో ఒంటెలు లేవు గానీ ఫ్రిజ్జులు, మిషన్లు ఉన్నాయి. వాటికి కట్టాల్సిన తాడు ఆ ఎర్తు తీగే.